ఒదుగుట ధర్మమా?

పెండ్లియైన పిల్లను అత్తవారింటికి బంపునప్పుడు మన యిండ్లలో పెద్దలు చెప్పెడు మాటలు పెక్కులు గలవు. వానిలో మొట్టమొదటిదియు, కట్టకడపటిదియు నొక్కటే: "అమ్మా, ఒదిగి యుండుము." క్రొత్తగా కొలువున జేరిన కుఱ్ఱవానికిని, పరుల పంచ జేరిన పేదకును, ఊరి కట్టుబాటును బ్రశ్నించిన పడుచువానికిని మనము చెప్పునదియు నిదియే. ఈ మాట చెప్పునప్పుడు చెట్టును జేమను సాక్ష్యము తెచ్చుట మనకు వాడుక. గాలికి వంగిన గడ్డి నిలిచినది, వంగని మ్రాను కూలినది చూడుమందురు. తామరాకు నీటిలో నుండియు దడియదు చూడుమందురు. ప్రకృతియంతయు నొదుగుచుండగా మనుష్యుడొదుగుటకు సిగ్గేల యని ముగింతురు.

ఈ వాదము వినుటకు మిక్కిలి యింపుగా నుండును. నేనును దీనిని చిరకాలము నమ్మితిని; నమ్ముటయే కాక బోధించితిని. ముప్పదియేండ్లు కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పినవాడను గనుక చెట్ల పేరు చెప్పి నీతి బోధించుట నాకు సులభముగా నుండెను. ఈ వాదములో నెంత నిజమున్నదో, అది మన నెక్కడ మోసపుచ్చునో విచారింపవలెనని యిప్పుడు నా యుద్దేశము. విచారణకు ముందు నా తప్పొకటి యొప్పుకొనుట న్యాయము.

కొన్ని యేండ్ల క్రిందట నా కుమార్తె పట్టపరీక్షలో గృతార్థురాలైన యేడే ఆమెకు వివాహమైనది. పై చదువు చదువనిత్తుమని పెండ్లికి ముందు చెప్పినవారు పెండ్లియైన మూడు నెలలకు మాట మార్చిరి. కోడలు దినదినము బయటికి బోయివచ్చుచుండిన నింటిపనులెవరు చేయుదురని యత్తగారును, మఱింత చదివిన కోడలు మాట వినదని మామగారును అనిరట. అల్లుడు నోరు మెదపలేదు. ఆమె నాకు నాలుగు పుటల జాబు వ్రాసెను. నేను ప్రత్యుత్తరమున నీతి బోధించితిని. "చిన్ననాడు నీవు నాతో కోరంగి మడ యడవికి వచ్చితివి గదా. క్రింద నూపిరాడని బురద, పైన మండుటెండ, దినమునకు రెండు మాఱులు ఉప్పునీటి పోటు. అట్టి చోట మడచెట్టు పచ్చగా నిలిచియున్నది. అది సముద్రముతో దగవులాడలేదు, ఒదిగినది" అని వ్రాసితిని. వ్రాసినందుకు లోలోపల గొంత గర్వించితిని గూడ.

ఆమె యుత్తరము మూడు పంక్తులు. "నాన్నగారూ, ఆ చెట్టొదుగుటకు ఎన్ని వేల తరములు పట్టినవో మీరే నాకు చెప్పితిరి. నాకున్నది యొక్క జీవితము. ఒదుగలేక చచ్చిన చెట్ల సంగతి మీ జాబులో లేదు."

నా ముప్పదియేండ్ల పాఠములలో నీ మూడు పంక్తులకు సమాధానము వెదకితిని. దొరకలేదు. దొరకకపోగా, నేను చెప్పిన పాఠమే నాకు సరిగా దెలియదని తెలిసినది.

ముందుగా ఆ చెట్టు సంగతి చూతము. గోదావరి సముద్రమున గలియుచోట, కాకినాడకు జేరువ, కోరంగి మడ యడవి గలదు. 1978లో ప్రభుత్వమువారు దానిని వన్యప్రాణుల రక్షణస్థలముగా నేర్పఱచిరి. అచ్చటి నేల మెత్తని బురద. అందు బ్రాణవాయువు మిక్కిలి తక్కువ. వేళ్లకు గాలి యందనిదే చెట్టు బ్రదుకదు. అందుచే మడచెట్టు వేళ్లనుండి బలపములవంటి సన్నని శాఖలు బురదను జీల్చుకొని పైకి లేచి నిలుచును. ఒక్కొక్క చెట్టు చుట్టును అవి వేలకొలది యుండును. పోటు తీసినప్పుడు వాని బెరడుమీది సూక్ష్మరంధ్రములగుండ గాలి లోనికి బోవును. లోనికి వచ్చిన యుప్పును ఆకులలోని గ్రంథులు వెలికి గ్రక్కును. ఎండవేళ ఆకుమీద దెల్లని పలుకులు కన్పట్టును. నాలుకకు దగిలించిన నుప్పగా నుండును. అదే యడవిలోని యుప్పుపొన్న వేఱొక మార్గము ద్రొక్కినది. అది యుప్పులో నధికభాగమును వేళ్లయొద్దనే వడకట్టి నీటిని గ్రహించును. దాని గింజ, కాయ చెట్టున నుండగనే, మొలకెత్తి మునగకాయవలె వ్రేలాడి, బురదలో నిలువగల యంతటిదైన పిదపనే తల్లిని వీడును.

ఇది యంతయు జూచి మనము "చెట్టొదిగినది" అందుము. ఈ మాటలోనే మొదటి పొరపాటున్నది. ఏ యొక్క మడచెట్టును ఉప్పును జూచి వేళ్లను పైకి మొలిపించుకొనవలెనని సంకల్పించుకొనలేదు. 1858లో డార్విను, వాలసు అను నిరువురు శాస్త్రజ్ఞులు లోకమునకు దెలిపిన విషయమిది. మఱుసటి యేడు డార్విను తన గ్రంథమున దీనిని విరివిగా వివరించెను. ఒక చెట్టు గింజలన్నియు నొక్కరీతిగా నుండవు. ఒకదాని వేరు రవంత పైకి సాగును, వేఱొకదానిది సాగదు. సాగినది బురదలో నొకనాడెక్కువ బ్రదికి నాలుగు గింజలు విడుచును. సాగనిది చచ్చును. ఇట్లు లక్షలకొలది యేండ్లు జరుగగా మిగిలినదానిని మనము చూచుచున్నాము. పూచెడు మొక్కల శిలారూపములు పదుమూడు కోట్ల యేండ్ల నాటివి దొరకినవి. నేడు వానిలో మూడు లక్షల జాతులున్నవనినచో, అంతరించిన జాతులు లెక్కకు రావు. మన కన్నులకు బచ్చని యడవి కన్పట్టును. దాని క్రింది శ్మశానము కన్పట్టదు.

"మా నాయనమ్మ తొమ్మిదవయేట గాపురమునకు వచ్చి యన్నిటికి నొదిగి నిండుగా బ్రదికినది" అని చెప్పువారు మన యిండ్లలో నుందురు. ఆమె బ్రదికినది, నిజమే. బ్రదికినది గనుకనే మనుమలు గలిగి యా మాట చెప్పుచున్నారు. ఆమెతో సమానమైన యీడున గాపురమునకు వచ్చి, తొలికాన్పున గన్నుమూసిన పిల్లలకు మనుమలు లేరు. వారి కథ చెప్పు నోరు లేదు. కావున మిగిలినవారి సాక్ష్యమును మాత్రమే విని యాచారమును మెచ్చుకొనుట, చచ్చినవారిని లెక్కింపక యుద్ధము సుఖకరమనుట వంటిది.

రెండవ పొరపాటు ఒదుగుట యను మాటలోని రెండర్థములను గలిపివేయుటవలన వచ్చినది. ఒకటి, తన జీవమును నిలుపుకొనుటకు దగిన నిర్మాణము కలిగియుండుట. రెండవది, ఒకరి యిచ్చకు దలవంచుట. మొక్క చేయునది మొదటిది. మనము పిల్లకు చెప్పునది రెండవది. మడచెట్టు ఉప్పునకు దలవంచలేదు. ఉప్పును వెలికి ద్రోసినది. తామరాకు మీద నీరు నిలువకపోవుటను మనవారు వైరాగ్యమునకు గుఱుతుగా జెప్పుదురు. ఆకుపై గంటికి గానరాని బొడిపెలును, మైనపు బూతయు గలవు. వానిచేత నీటిబొట్టు గుండ్రమై జాఱిపోవును. నీటిమీద దేలెడు నాకునకు గాలి పీల్చు రంధ్రములు పైవైపుననే యున్నవి గనుక, నీరు నిలిచిన ఊపిరాడదు. మనకు వైరాగ్యముగా గన్పట్టినది దానికి శ్వాస.

అదియును గాక, తుమ్మకు ముండ్లు గలవు. జిల్లేడు ఆకు త్రుంచిన విషపు పాలు గాఱును. దూలగొండి కాయనంటిన దురద పుట్టును. ఇవియు నాయా మొక్కలు తమ పరిసరములకు దగినట్లు పొందిన నిర్మాణములే. తుమ్మవలె ముండ్లు గలిగియుండుమని యే తల్లియు బిడ్డకు జెప్పి పంపదు. ఉప్పుపొన్నను జూచి, తన కాలిమీద తాను నిలువగలుగువఱకు బిడ్డను వీడరాదను నీతిని దీయవచ్చును. దానిని నేను తీయలేదు. మూడు లక్షల జాతులలో నుండి వంగునది యేదో, నోరు లేనిది యేదో దానినే యేఱి తెచ్చితిని. కాబట్టి యా నీతి చెట్టు చెప్పినది కాదు. నేను ముందుగా నిశ్చయించుకొన్నదానిని చెట్టుచేత జెప్పించితిని.

డార్విను తన గ్రంథమున నొక గొప్ప మాట చెప్పెను. ఏ జాతి శరీరమందైనను, కేవలము వేఱొక జాతి మేలుకొఱకే యేర్పడిన యవయవమొక్కటి యున్నదని యెవరైన నిరూపించినచో, తన సిద్ధాంతము నిలువదని యతని యభిప్రాయము. పువ్వులోని తేనె తుమ్మెద సుఖమునకు మాత్రమే పుట్టినది కాదు. పుప్పొడి మోయించుకొనుటకు బుట్టినది. చెట్టునందెక్కడ వెదకినను, తన జీవమును బొత్తిగా విడిచి పరుల సుఖమునకై మాత్రమే యొదిగిన భాగము దొరకదు. అట్టిదానిని ఇంటి కోడలినుండి గోరుచు, ప్రకృతిని సాక్ష్యము పిలుచుట యెంత యసంగతము!

ఇక మూడవ విషయము. ఒదిగి బ్రదుకుట మెచ్చదగినదే యనుకొన్నను, అదియే మంచితనమగునా? మామిడికొమ్మమీద బదనిక పెరుగును. దాని గింజకు జిగురుండును. పండును దిన్న చిన్న పిట్ట కొమ్మకు ముక్కు రాచునప్పుడో, రెట్ట వేయునప్పుడో గింజ కొమ్మకంటుకొని, కొమ్మలోనికి వేరువంటి పీల్చుడు సాధనమును దింపి మామిడి తెచ్చుకొన్న నీటిని ద్రాగును. సీతమ్మ పోగునూలునకు ఆకులు లేవు. ఆశ్రయము దొరకగనే నేలలోని వేరును గూడ విడిచి పరుల రసముతో బ్రదుకును. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుఱ్ఱపుడెక్క ఉబ్బిన కాడలతో దేలుచు మన చెఱువులను గాలువలను గప్పివేసి, నీటిలోని చేపలకు గాలి లేకుండ జేయును. పరిసరములకు దగియుండుటయందు వీనిని మించినవి యరుదు. అయినను బదనికను మామిడికి గురువుగా నెవరును జూపరు. మనుష్యులలోను అంతే. లంచగొండి యధికారి తన పరిసరములకు జక్కగా నొదిగినవాడు. అన్యాయమును జూచి పెదవి విప్పని పొరుగువాడును ఒదిగినవాడే. నా యల్లుడు నోరు మెదపకుండుటయు నొక విధమైన యొదుగుటయే. కనుక ఒదుగుట యనునది గుణమును గాదు, దోషమును గాదు. దేని కొదుగుచున్నాము, ఎవని సొమ్ము వ్యయపఱచి యొదుగుచున్నాము అను ప్రశ్నలతోనే ధర్మవిచారము మొదలగును.

ఇచ్చట నాకొక భేదము ముఖ్యముగా దోచినది. ఉప్పునకు జెవులు లేవు. పోటునకు మనస్సు లేదు. మడచెట్టు వేయి యేండ్లు మొఱపెట్టుకొన్నను సముద్రము వినదు. వినని దానికి దగినట్లు తన్ను మార్చుకొనుట వివేకము. ఎండకు గొడుగు పట్టుట, చలికి గంబళి కప్పుకొనుట, తీఱని జబ్బుతో బ్రదుకుట నేర్చుకొనుట యిట్టివి. అత్తగారికి జెవులున్నవి. మామగారికి మనస్సున్నది. ఊరి పెద్దలకును, కొలువులోని యధికారికిని మాట యర్థమగును. వినగల వానిని వినని సముద్రముతో సమానము చేసి, "అది మాఱదు, నీవే మాఱుము" అనుట వివేకము కాదు. అది యా వినగలవానిని మనుష్యకోటినుండి వెలివేయుటయే యగును. ఒదుగువారి కెంత యన్యాయము జరుగుచున్నదో, మంచి మాట విని మాఱు నవకాశమును గోల్పోయిన రెండవవారికిని అంత యన్యాయము జరుగుచున్నది.

ఇది యూహ గాదు. మన చరిత్రయే సాక్ష్యము. విధవ తల గొఱిగించుకొని మూల గూర్చుండవలసినదే యని లోకము తరతరములు చెప్పినది. ఆమె యొదిగినది. 1856లో విధవావివాహమునకు జట్టము వచ్చినను లోకము వినలేదు. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి విధవావివాహము జరిపించిరి. వెలివేతలు వచ్చినవి, నిందలు వచ్చినవి. అయినను లోకము గొంచెము గొంచెముగా జెవియొగ్గినది. నేడు వితంతువు పెండ్లియాడినచో నూరు పొంగి పొరలదు. సముద్రమువలె మాఱదనుకొన్నది మాఱినది. ఏలయనగా నది సముద్రము గాదు. మనవంటి మనుష్యుల మాట. 1929లో బాల్యవివాహ నిరోధ శాసనము, 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినవి. కట్నము నేటికిని బోలేదు. పోకుండుటకు గారణము కట్నమునకు బలమధికమగుట గాదు. దానికి మన మొదుగుచుండుట.

దీనిపై నొక యాక్షేపణము రాగలదు. "ఎవరును ఒదుగకున్న సంసారమెట్లు నిలుచును? నలుగురున్న యింట నెవరికి వారు మొండికెత్తిన నిల్లు వీథిపాలగును గదా?" అని. ఈ మాట నిజము. నేను ఒదుగుటను బొత్తిగా ద్రోసివేయుట లేదు. పూచెడు మొక్కలలోనే దీనికి జవాబున్నది. కాని యది నీతిగా గాదు, తేటపఱచుటకు ఉదాహరణముగా మాత్రమే చెప్పుచున్నాను.

మేడికి బువ్వు లేదని మనవా రందురు. దొరకనిదానిని మేడిపువ్వుతో బోల్తురు. పువ్వు లేకపోలేదు, మనము కాయ యనుకొను దానిలోపలనే వందలకొలది చిన్న పువ్వులున్నవి. లోనికి బోవుటకు సూదిమొనంత దారి. ఆ దారిని దూఱగల చిన్న కందిరీగజాతి యొకటి గలదు. ఆడురీగ ఱెక్కలు తెగుచున్నను లోనికి బోయి, తెచ్చిన పుప్పొడిని బువ్వులకంటించి, కొన్ని పువ్వులలో గ్రుడ్లు పెట్టి యచ్చటనే చచ్చును. మేడి యా కొన్ని పువ్వులను రీగ పిల్లలకు విడిచి, మిగిలినవానిలో దన గింజలను బండించుకొనును. పుట్టిన యాడురీగలు పుప్పొడితో మఱియొక మేడికి బోవును. రీగ లేనిదే మేడికి సంతతి లేదు. మేడి లేనిదే రీగకు బుట్టుక లేదు. మేడిపండు విప్పి పురుగులని మనము ముక్కు మూసికొందుము గాని, అచ్చట జరుగునది రెండు ప్రాణుల యొడంబడిక. రెండును ఇచ్చినవి, రెండును బుచ్చుకొన్నవి. రెండును ఒకదానికొకటి యొదిగినవి.

దీని ప్రక్కన బదనికను మామిడిని బెట్టి చూచినచో భేదము తేటపడును. ఇంట నొదుగుట యనునది మేడి రీగల యొదుగుటవలె నుండవచ్చును, బదనిక మామిడుల కూడికవలె నుండవచ్చును. పేరొక్కటియే. కోడలు పెందలకడ లేచుట నేర్చుకొన్నప్పుడు అత్తగారు ఒక పూట వంట చేయుట నేర్చుకొన్నచో నది యొడంబడిక. కోడలు చదువు మాని, నిద్ర మాని, పుట్టింటి మాట మాని, కడకు నవ్వు మాని యొదుగుచుండగా నెదుటివారు కూర్చున్న పీట నైనను జరుపనిచో నది వేఱు.

కడపటిది యాచారముల సంగతి. పూర్వాచారములన్నియు మూఢత్వములని నేననను. వానిలో బెక్కింటికి పుట్టినప్పుడొక కారణమున్నది. టేకుచెట్టు వేసగిలో నాకులు రాల్చును. నీరు తక్కువయైన కాలమున ఆకులనుండి యావిరి పోకుండుటకిది యుపాయము. వేసగిలో మోడై నిలిచిన టేకును జూచి మూఢవృక్షమనువాడే మూఢుడు. కాని తొలకరి పడగానే యది చేటలంత యాకులు తొడుగును. వానలు కురిసి యేఱులు పాఱుచున్నను ఇంకను ఆకు తొడుగనిది టేకు గాదు, ఎండిన మోడు. దొంగల భయముననో, కఱవు భయముననో యేనాడో యాడుబిడ్డను గడప దాటనీయని కుటుంబమునకు నాడొక కారణమున్నదేమో! ఆ వేసగి పోయినది. ఇంకను ఆకు రాల్చియే యుండుట పెద్దలను గౌరవించుట కాదు. ఆచారమును బుట్టించిన పెద్దలు కాలమును జూచిరి. మనము పెద్దలను మాత్రమే చూచుచున్నాము.

నా కుమార్తె సంగతి చదువరులు తెలిసికొనగోరుదురు. ఆమె జాబందిన పిమ్మటను నేను వెంటనే కదలలేదు. వియ్యాలవారితో దగవేల యని సంశయించితిని. అదియు నొక యొదుగుటయే. తుదకు నొకనాడు పోయి, వియ్యంకులను, వియ్యపురాలిని, అల్లుని గూర్చుండబెట్టి, వారిచ్చిన మాటను జ్ఞాపకము చేసితిని. వారు రాక్షసులు గారు. వియ్యపురాలు కొంతసేపూరకుండి, "ఇంతవఱకు మాతో నెవ్వరు నీ మాట యనలేదు; పిల్ల మాటాడకున్న నిష్టమే గాబోలుననుకొన్నాము" అనెను. ఆమె యన్నది సగము సాకే కావచ్చును; సగము నిజమని నేను నమ్ముదును. చదువు మరల సాగినది, రెండేండ్లాలస్యముగా. ఆ రెండేండ్లను ఆమెకు దిరిగి యియ్యగలవారు లేరు. ఆ నష్టమునకు గారకులైనవారిలో మడచెట్టును బొగడిన నా జాబును ఒకటి.

ఇప్పు డామె యా యింటనే యున్నది. తానును ఒదుగుచున్నది, ఎదుటివారును ఒదుగుచున్నారు. మొన్న పండుగకు వచ్చినప్పుడు నా గది కిటికీలోని తొట్టిమొక్కను జూపి, ఇది యిట్లు వంగినదేమని యడిగినది. గదిలో వెలుతురు చాలక యది కిటికీ చువ్వలవైపు సాగి వంగినదని చెప్పితిని. "అయిన చీకటి కలవాటు పడుటకు గాదన్నమాట" అని, తొట్టిని రెండు చేతుల నెత్తి వాకిటనున్న యెండలో బెట్టి వచ్చెను. మొక్క తనంతట తాను వాకిటికి నడువలేదు. అంతవఱకు వంగగలిగినది, మిగిలినది చేతులున్నవారు చేయవలసిన పని.